డోపమైన్ ఎంత ఉండాలి? ఆర్విడ్ కార్ల్‌సన్ పరిశోధనల గురించి ఒక ప్రసంగం

(పార్కిన్సన్స్ రోగుల కుటుంబాలు, ఫార్మసీ విద్యార్థులు హాజరైన ఒక సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం.)

అందరికీ నమస్కారం.

నన్ను పరిచయం చేసిన పెద్దలు, నాడీవ్యాధుల మందుల చరిత్ర మొత్తం నేను చెబుతానని మీకు మాట ఇచ్చేశారు. ఆ మాట నేను నిలబెట్టలేను. అంత చరిత్ర ఒక్క పూటలో చెబితే పేర్లు, సంవత్సరాలు తప్ప మీకు ఏమీ మిగలదు. అందుకని ఒక్క మనిషి గురించి చెబుతాను. ముందు వరుసల్లో కూర్చున్నవారిలో చాలామంది ఈ ఉదయం పార్కిన్సన్స్‌కు వాడే లెవోడోపా మాత్ర వేసుకునే వచ్చి ఉంటారు. ఆ మాత్ర వెనుక ఉన్న ఆలోచనకు బీజం వేసినవాడు స్వీడన్ దేశపు ఔషధశాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్. 1923 జనవరి 25న ఉప్సలాలో పుట్టారు, లుండ్ ఊళ్ళో పెరిగారు, 2018 జూన్ 29న కన్నుమూశారు. తొంభై అయిదేళ్ళ జీవితం. అందులో అరవై ఏళ్ళకు పైగా పరిశోధనలోనే గడిచింది.

ఆయన పేరు రాగానే 2000 సంవత్సరపు నోబెల్ బహుమతి గురించి చెబుతారు. అది చెప్పుకోదగ్గదే, కాదనను. కానీ ఆయన పత్రాలు వరుసగా చదివితే నాకు ఆద్యంతం ఒకే ప్రశ్న కనబడుతుంది. మెదడులో డోపమైన్ లాంటి ఫలానా రసాయనం ఎంత ఉంది? తగ్గితే ఏమవుతుంది, పెరిగితే ఏమవుతుంది, సరిపడా ఎలా ఉంచాలి? ఇంతే. ఆ రోజుల్లో మెదడు గురించి సిద్ధాంతాలు చెప్పేవారు చాలామంది ఉండేవారు. కూర్చుని కొలిచేవారు తక్కువ.

అసలు ఆయన మెదడు దారి పట్టడమే ఒక తిరస్కరణ వల్ల జరిగింది. 1951లో లుండ్‌లో డాక్టరేట్ తీసుకున్నది శరీరంలో కాల్షియం జీవక్రియ మీద. ఆ తర్వాత ఉద్యోగానికి పోటీపడితే, కాల్షియం జీవక్రియ ఔషధశాస్త్రంలో అంత ముఖ్యమైన విషయం కాదని నిపుణుల సంఘం తేల్చేసింది. మనవాళ్ళయితే ఆ నిపుణులను తిట్టుకుంటూ పదేళ్ళు గడిపేవాళ్ళు. కార్ల్‌సన్ విషయమే మార్చుకున్నారు. 1955లో అమెరికా వెళ్ళి, బెథెస్డాలోని జాతీయ ఆరోగ్య సంస్థలో బెర్నార్డ్ బ్రోడీ ప్రయోగశాలలో కొన్ని నెలలు పనిచేశారు.

ఇక్కడ మన దేశం కథలోకి వస్తుంది, బలవంతాన తెచ్చి పెట్టింది కాదు. అప్పట్లో బ్రోడీ బృందం చేతిలో ఉన్న మందు రెసర్పిన్. అది మన సర్పగంధి వేరులోది. పిచ్చి ఉద్రేకానికి, రక్తపు పోటుకు ఈ వేరు పనిచేస్తుందని కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ 1931లోనే రాశారు. బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ రక్తపోటు రోగుల మీద తన అనుభవాన్ని 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించాకే పాశ్చాత్యులు దానివైపు గట్టిగా చూశారు. 1952లో స్విట్జర్లాండ్‌లోని సీబా కంపెనీ రసాయనవేత్తలు వేరులోంచి రెసర్పిన్‌ను శుద్ధంగా విడదీశారు. మందు బాగానే పనిచేసింది. అయితే తీసుకున్న కొందరిలో ఒక వింత కనబడింది: చేతులు వణకడం, ఒళ్ళు బిగుసుకుపోవడం, నడక నెమ్మదించడం. అచ్చం పార్కిన్సన్స్ లాగే. మందు ఆపితే తగ్గిపోయేది.

రెసర్పిన్ మెదడులోని సెరటోనిన్ అనే రసాయనాన్ని ఖాళీ చేస్తుందని బ్రోడీ బృందం కనిపెట్టింది. కార్ల్‌సన్ అక్కడ రెండు నేర్చుకున్నారు. ఒకటి ఈ మందు గురించి, రెండోది రాబర్ట్ బౌమన్ రూపొందించిన ఫ్లోరిసెన్స్ (పదార్థం వెలువరించే మెరుపును కొలిచే) యంత్రంతో అతి తక్కువ పరిమాణంలో ఉన్న రసాయనాన్ని కూడా కొలవడం. సెరటోనిన్ ఒక్కటే ఎందుకు, నోరాడ్రెనలిన్ వంటి ఇతర రసాయనాలు కూడా ఖాళీ అవుతున్నాయేమో చూద్దామని ఆయన బ్రోడీతో అన్నారట. బ్రోడీకి అందులో పెద్ద విషయం కనబడలేదు. వాదన పెట్టుకోకుండా కార్ల్‌సన్ స్వీడన్‌లోని మిత్రుడు నిల్స్-ఓకే హిల్లార్ప్‌కు ఉత్తరం రాశారు: తిరిగి రాగానే మనమే చూద్దామని. చూశారు. నోరాడ్రెనలిన్ కూడా ఖాళీ అవుతోంది.

ఇక 1957 నాటి కుందేళ్ళ ప్రయోగం. దీన్ని నిదానంగా చెబుతాను, ఎందుకంటే ఇదే అసలు సంగతి.

కుందేలుకు రెసర్పిన్ ఇస్తే కూలబడినట్టు కూర్చుంటుంది. చెవులు వాలిపోతాయి, కళ్ళు సగం మూసుకుంటాయి, కదిలించినా కదలదు. కార్ల్‌సన్‌తో పాటు మార్గిట్ లిండ్‌క్విస్ట్, టోర్ మాగ్నుసన్ అలాంటి కుందేళ్ళకు డోపా ఎక్కించారు. డోపా అంటే శరీరం డోపమైన్‌ను, దాన్నుంచి నోరాడ్రెనలిన్‌ను తయారు చేసుకునే ముడిసరుకు. మందుగా వాడే లెవోడోపా దాని రూపమే. నిమిషాల వ్యవధిలో చెవులు నిక్కబొడుచుకున్నాయి, కళ్ళు తెరుచుకున్నాయి, జంతువు లేచి తిరగసాగింది. సెరటోనిన్ ముడిసరుకు ఇచ్చినప్పుడు ఇలా జరగలేదు. ముందు, తర్వాత అని పక్కపక్కన పెట్టిన ఆ కుందేళ్ళ ఫొటోలు ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో కనిపిస్తాయి.

ఇంకొకరైతే అక్కడే సంబరపడి, నోరాడ్రెనలిన్ తిరిగి వచ్చింది కాబట్టి కుందేలు లేచింది అని రాసేసేవారు. అందరూ అదే అనుకుంటున్న కాలం అది. కార్ల్‌సన్ బృందం మెదడు తీసి కొలిచింది. నోరాడ్రెనలిన్ పెరగలేదు! పాత్ర ఖాళీగానే ఉంది. మరి కుందేలు ఎలా లేచింది? మధ్యలో ఉన్న డోపమైన్‌ను అప్పటిదాకా అందరూ దారిలో తగిలే ఒక మజిలీగా చూశారే తప్ప, దానికంటూ ఒక పని ఉందని ఎక్కువమంది అనుకోలేదు. లండన్ దగ్గరి రన్‌వెల్ ఆసుపత్రిలో క్యాథ్లీన్ మోంటగూ మెదడులో అది ఉందని 1957లోనే చూపించారు, ఆ మాట మరువకూడదు. కార్ల్‌సన్ బృందం డోపమైన్‌ను విడిగా కొలిచే పద్ధతి తయారు చేసి 1958లో సైన్స్ పత్రికలో ప్రచురించింది. మెదడులో డోపమైన్ మామూలుగానే ఉంది, రెసర్పిన్‌తో ఖాళీ అవుతుంది, డోపా ఇస్తే తిరిగి నిండుతుంది. మరుసటి ఏడాది లుండ్‌లోనే ఓకే బెర్ట్‌లర్, ఎవాల్డ్ రోసెన్‌గ్రెన్ ఆ డోపమైన్ అత్యధికంగా స్ట్రయేటమ్‌లో ఉందని తేల్చారు. కదలికలను నడిపించే భాగం అది. ఇవన్నీ కలిపి పార్కిన్సన్స్ వ్యాధికి దీనితో సంబంధం ఉండవచ్చని కార్ల్‌సన్ 1959లో రాశారు.

ఆ మాటను లోకం ఒప్పుకుందా? లేదు. 1960లో లండన్‌లో సీబా ఫౌండేషన్ పెట్టిన సదస్సుకు ఈ రంగంలో హేమాహేమీలందరూ వచ్చారు. నోబెల్ గ్రహీత సర్ హెన్రీ డేల్ స్వయంగా ఉన్నారు. డోపా విషపదార్థమని ఆయన అభిప్రాయపడ్డారు. అమైనో ఆమ్లమై ఉండీ విషం కావడం విచిత్రమని కూడా అన్నారు. మెదడు కణాల మధ్య కబురు ప్రధానంగా విద్యుత్తు ద్వారా సాగుతుందని నమ్మేవారు అప్పుడు ఎక్కువ. రసాయనం ద్వారా అంటే అది గుండెకో పేగుకో చెల్లుతుంది గాని మెదడుకు చెల్లదన్నట్టు మాట్లాడారు. కార్ల్‌సన్ ఇంటికి తిరిగి వెళ్ళి, అప్పటికే చేరిన గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో హిల్లార్ప్‌తో మళ్ళీ పనిలో పడ్డారు. హిల్లార్ప్, బెంగ్ట్ ఫాల్క్ కలిసి ఒక పద్ధతి కనిపెట్టారు. ఎండబెట్టిన మెదడు ముక్కలను ఫార్మాల్డిహైడ్ ఆవిరికి గురిచేసి సూక్ష్మదర్శినిలో చూస్తే డోపమైన్, నోరాడ్రెనలిన్ ఉన్న నాడీతంతువులు ఆకుపచ్చగా, సెరటోనిన్ ఉన్నవి పసుపుగా మెరుస్తాయి. ఇక వాదించడానికి ఏముంది? రసాయనం నాడుల్లోనే ఉందని ఎవరి కళ్ళతో వారే చూడవచ్చు. ఇంత పని చేసిన హిల్లార్ప్ 1965లోనే చనిపోయారు.

ఇప్పుడు వియన్నా వెళదాం. ఇక్కడ నేను పక్షపాతంతో మాట్లాడతాను, ముందే చెబుతున్నాను.

కార్ల్‌సన్ చూపించింది జంతువుల్లో. మనిషిలో చూపించినవారు ఓలే హోర్నీకీవిచ్. 1960లో ఆయన, హెర్బర్ట్ ఎరింగర్ కలిసి పార్కిన్సన్స్‌తో మరణించినవారి మెదళ్ళను పరీక్షించారు. డోపమైన్ ఉంటే గులాబీ రంగు వచ్చే ఒక రసాయన పరీక్ష అది. మామూలు మెదడు నుంచి తీసిన ద్రవం గులాబీ రంగులోకి మారింది. పార్కిన్సన్స్ మెదడు నుంచి తీసినదానిలో రంగే లేదు. యంత్రంలో పెట్టి అంకె చూడకముందే పరీక్షనాళికలో ఆ తేడా తన కళ్ళతో చూశానని ఆయన తర్వాత రాశారు. విద్యార్థులు ఈ ఘట్టాన్ని మనసులో పెట్టుకోవాలి. ఒక నాడీవ్యాధిలో ఫలానా చోట ఫలానా రసాయనం లేదు అని మనిషి మెదడులో అంత స్పష్టంగా తేలడం అంతకు ముందు జరగలేదు.

ఆ వెంటనే హోర్నీకీవిచ్, వాల్టర్ బిర్క్‌మాయర్ అనే వైద్యుడి దగ్గరకు వెళ్ళి, మీ రోగులకు లెవోడోపా ఇచ్చి చూడమని అడిగారు. బిర్క్‌మాయర్ కొన్ని నెలలు నాన్చి, 1961 జూలైలో నరానికి ఎక్కించారు. మోతాదు 50 నుంచి 150 మిల్లీగ్రాములు. మంచం మీద లేచి కూర్చోలేనివారు లేచారు. నిలబడలేనివారు నడిచారు. గొంతు పెగలనివారి మాట స్పష్టంగా వినిపించింది. కొన్ని గంటలే. తర్వాత మళ్ళీ మొదటికి వచ్చింది. ఆ ఏడాదే మాంట్రియల్‌లో ఆండ్రే బార్బో నోటి ద్వారా ఇచ్చి చూశారు.

2000లో నోబెల్ ప్రకటించినప్పుడు కార్ల్‌సన్, పాల్ గ్రీన్‌గార్డ్, ఎరిక్ కాండెల్ పేర్లు ఉన్నాయి. హోర్నీకీవిచ్ పేరు లేదు. 200 మందికి పైగా శాస్త్రవేత్తలు నిరసనగా బహిరంగ లేఖ రాశారు. నన్నడిగితే వాళ్ళు రాసింది సబబే. నాడీకణాల మధ్య సంకేతాలు అనే పెద్ద శీర్షిక కింద బహుమతి ఇచ్చారు కాబట్టి కమిటీకి తన లెక్కలు తనకు ఉండవచ్చు. కానీ కుందేలుకూ మనిషికీ మధ్య వంతెన వేసినవాడిని ఒడ్డునే వదిలేశారు. దాని వల్ల కార్ల్‌సన్ ఘనత తగ్గదు, ఆయన చేసిన తప్పూ కాదు.

లెవోడోపా అసలు కొత్త పదార్థమే కాదు. 1913లో బాజెల్‌లో మార్కస్ గుగెన్‌హైమ్ ఫావా చిక్కుడు గింజల్లోంచి దాన్ని విడదీశారు. రెండున్నర గ్రాములు తానే మింగి వాంతులు చేసుకున్నారు. ఇంకేముంది, పనికిరాని సరుకని పక్కన పెట్టేశారు. 1937లో మద్రాసు విశ్వవిద్యాలయ జీవరసాయన ప్రయోగశాలలో ఎం. దామోదరన్, ఆర్. రామస్వామి మన దూలగొండి గింజల్లో కూడా అదే ఉందని విడదీసి చూపించారు. మన ప్రాంతం సగం అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. అంటే మందు సీసాలో నలభై ఏళ్ళకు పైగా ఉంది. ఏ జబ్బుకో తెలియలేదు, అంతే. ఆ జబ్బును చూపించింది కార్ల్‌సన్ కొలత.

డోపమైన్‌నే నేరుగా ఎందుకు ఇవ్వరని అప్పుడప్పుడు అడుగుతారు. డోపమైన్ రక్తంలోంచి మెదడులోకి వెళ్ళలేదు. లెవోడోపా అమైనో ఆమ్లం కాబట్టి, అమైనో ఆమ్లాలు వెళ్ళే గుమ్మంలోంచి తానూ లోపలికి పోతుంది. పప్పు, గుడ్డు, మాంసం దండిగా తిన్న వెంటనే మాత్ర వేసుకుంటే ఆ గుమ్మం దగ్గర రద్దీ ఎక్కువై మందు వెనకబడుతుంది. మీ డాక్టరు భోజనానికి ముందు వేసుకోమని చెప్పేది అందుకే. ఇంకో చిక్కు: మింగిన లెవోడోపాలో చాలా భాగం మెదడు చేరకముందే ఒంట్లో డోపమైన్‌గా మారిపోయి వాంతులు తెప్పిస్తుంది. 1967లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్‌లో జార్జ్ కోట్జియాస్ చాలా తక్కువతో మొదలుపెట్టి, వారాల తరబడి నెమ్మదిగా పెంచుకుంటూ పోయి, రోజుకు గ్రాముల కొద్దీ ఇచ్చారు. రోగులు నడిచారు. తమాషా ఏమిటంటే ఆయన మొదలుపెట్టింది డోపమైన్ కోసం కాదు, మెదడులో తగ్గిపోయిన నల్లని వర్ణకాన్ని తిరిగి నింపుదామని! కారణం తప్పు, మోతాదు ఒప్పు. తర్వాత కార్బిడోపా జతచేశారు. అది ఒంట్లో జరిగే మార్పును ఆపుతుంది, తాను మెదడులోకి వెళ్ళదు. అందువల్ల తక్కువ లెవోడోపాతోనే పని జరుగుతుంది. ఇవాళ మీరు వేసుకునేది ఆ జంట మాత్రే.

తక్కువైతే ఏమవుతుందో చూశాం. ఎక్కువైతే? 1963లో కార్ల్‌సన్, లిండ్‌క్విస్ట్ ఎలుకలకు క్లోర్‌ప్రోమజిన్, హాలోపెరిడాల్ ఇచ్చారు. మానసిక వ్యాధులకు వాడే మందులు ఇవి. రెసర్పిన్ లాగే కదలిక మందగించేలా చేస్తాయి, కానీ డోపమైన్ నిల్వ తగ్గదు. పైగా డోపమైన్ విరిగినప్పుడు వచ్చే పదార్థం పెరిగింది. ఇదేమిటి? మందు గ్రాహకాన్ని, అంటే కణం మీద డోపమైన్ కబురు అందుకునే చోటును, మూసేసింది, కబురు అందలేదని కణం ఇంకా ఎక్కువ డోపమైన్ వదులుతోంది అని వాళ్ళు ఊహించారు. గ్రాహకాన్ని ఎవరూ చూడని రోజుల్లో ఒక వ్యర్థపదార్థం కొలతనుంచి గ్రాహకం దాకా వెళ్ళిన ఆలోచన అది. స్కిజోఫ్రెనియా అనే మానసిక వ్యాధిలో డోపమైన్ పని మితిమీరుతుందన్న సిద్ధాంతం దీని మీదే లేచింది. నాకు కుందేళ్ళ పత్రం కన్నా ఈ చిన్న పత్రమే ఎక్కువ ఇష్టం.

ఇంట్లో పెద్దవాళ్ళున్నవారు ఒకటి గుర్తుపెట్టుకోండి. వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్, తల తిరుగుడుకు వాడే సిన్నరిజిన్, ఫ్లునారిజిన్ కూడా డోపమైన్ గ్రాహకాలను అడ్డుకుంటాయి. నెలల తరబడి వాడితే కొందరు పెద్దవారిలో పార్కిన్సన్స్ లాంటి లక్షణాలు వస్తాయి. కొత్త డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు పాత మందుల చీటీలన్నీ పట్టుకెళ్ళండి.

ఓటములు, వివాదాలు కూడా చెప్పాలి. ఆస్ట్రా కంపెనీ రసాయనవేత్తలతో కలిసి కార్ల్‌సన్ జిమెలిడిన్ అనే డిప్రెషన్ మందు రూపొందించారు. సెరటోనిన్ తిరిగి పీల్చబడకుండా ఆపే మందుల్లో వాడుకలోకి వచ్చిన తొలితరం మందు అది. 1982లో బజారులోకి వచ్చింది. గిలియన్-బారే అనే నరాల జబ్బు కొందరిలో కనబడటంతో 1983లో వెనక్కి తీసుకున్నారు. ఆ దారిలోనే తర్వాత వచ్చిన ఫ్లుయాక్సెటిన్‌ను లోకం నెత్తిన పెట్టుకుంది. స్వీడన్‌లో తాగునీటికి ఫ్లోరైడ్ కలపాలన్నప్పుడు ఆయన గట్టిగా ఎదిరించారు. ఎవరు ఎంత నీళ్ళు తాగుతారో తెలియకుండా మందును అందరికీ ఒకే తీరున పోయడం ఔషధశాస్త్రం కాదన్నది ఆయన వాదన. ఫ్లోరైడ్ కలపడానికి వీలిచ్చిన చట్టాన్ని 1971లో స్వీడన్ రద్దు చేసింది. నల్లగొండ ఫ్లోరోసిస్ చూసినవాళ్ళకు వెంటనే అది గుర్తొస్తుంది గాని నల్లగొండలో నేలలోనే అధికంగా ఉంది, స్వీడన్ వాదన మనుషులు కొద్దిగా కలపడం గురించి. రెండూ ఒకటి కాదు.

డెబ్భై అయిదేళ్ళ వయసులో, 1998లో, సహచరులతో కలిసి కార్ల్‌సన్ రీసెర్చ్ అనే కంపెనీ పెట్టారు. డోపమైన్‌ను పెంచడమూ కాదు, అణచడమూ కాదు. తక్కువున్నచోట ఎత్తి, ఎక్కువున్నచోట దించే మందు కావాలని తపన. డోపమైన్ స్థిరీకారకాలు అని పేరు పెట్టారు. వాటిలో ప్రిడోపిడిన్‌ను హంటింగ్టన్స్ అనే వంశపారంపర్య నాడీవ్యాధిలో పరీక్షించారు. పెద్ద పరీక్షల్లో అది ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేదు. పైగా అది పట్టుకునేది డోపమైన్ గ్రాహకం కన్నా సిగ్మా-1 అనే మరో ప్రోటీన్‌నని తర్వాతి పరిశోధనల్లో తేలింది. ఆలోచన ఒకటి, అణువు పని ఇంకొకటి. మందుల అన్వేషణలో ఇది మామూలే.

లెవోడోపా గురించి ఒక మాట కటువుగా చెప్పాలి. అది వ్యాధిని ఆపదు. మెదడులో డోపమైన్ తయారుచేసే నల్లని కణాలు చచ్చిపోతూనే ఉంటాయి, మందు ఆ లోటును పూడుస్తుంది. కొన్నేళ్ళకు మాత్ర ప్రభావం తొందరగా దిగిపోవడం, ఒళ్ళు తన ప్రమేయం లేకుండా మెలికలు తిరగడం మొదలవుతాయి. అది మందు పాపం ఒక్కటే కాదు. మిగిలిన కణాలు తగ్గేకొద్దీ డోపమైన్‌ను దాచుకుని అవసరానికి విడుదల చేసేవారు ఉండరు, మాత్ర ఎక్కినప్పుడు ఎక్కువ, దిగినప్పుడు తక్కువ. కణాల చావును ఆపే మందు ఇంతవరకూ రాలేదు. ఆ కణాల్లో ఆల్ఫా-సిన్యూక్లిన్ అనే ప్రోటీన్ ఎందుకు ముద్దకడుతుందన్న దానిమీదే ఇప్పుడు ఎక్కువ పని జరుగుతోంది.

ఒక చీటీ వచ్చింది, చదువుతాను. "నాన్నగారికి మాత్రలు మానిపించి దూలగొండి పొడి ఇవ్వవచ్చా?" మంచి ప్రశ్న, పైగా మూఢమైన ప్రశ్న కాదు. 2004లో లండన్‌లో ఎనిమిది మంది రోగుల మీద చిన్న పరీక్ష చేశారు. 30 గ్రాముల దూలగొండి పొడి, మామూలు జంట మాత్ర కన్నా త్వరగా పట్టు చూపించింది. అయితే అది తూకం వేసి, లోపల లెవోడోపా ఎంతుందో కొలిచి ఇచ్చిన పొడి. బజారులో కొన్న పొట్లంలో ఎంత ఉందో అమ్మినవాడికీ తెలియదు. కార్బిడోపా జత ఉండదు కాబట్టి వాంతులు రావచ్చు. మాత్రలు వేసుకుంటూనే పైనుంచి ఇది కలిపితే మోతాదు రెండింతలై, మెలికలు, భ్రాంతులు రావచ్చు. మాత్ర హఠాత్తుగా మానిస్తే ఒళ్ళు కొయ్యబారి, జ్వరం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. అందుకని మానిపించకండి. మీ నాడీవైద్యుడితో చెప్పండి, నాన్నగారు ఏ గంటకు ఏ మాత్ర వేసుకుంటున్నారో, ఎన్ని గంటలకు నడక మందగిస్తోందో ఒక వారం పాటు కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. తర్వాతి చీటీ ఇటివ్వండి.